గులాబీ చుక్కలు

ఈ పెట్టెకి జ్ఞాపకం లేదు.
ఒక నాబు కదిపితే చాలు
అంతకుముందు పాడిందంతా గాలికి పోతుంది.
అందుకేనేమో, మెట్ల కన్నా ముందు
దాని ముఖం చూశాం మేము:
ప్రతి నాబు చుట్టూ గోళ్ళరంగు చుక్కలు,
ఎరుపు, మెరూను, వెండి.
ఒక వరస మాత్రం గులాబీ.

నల్లి విజయపాల్ గారి పెట్టె ఇది.
తీర్థాలకీ, పెళ్ళిళ్ళకీ, క్రిస్మస్ పందిళ్ళకీ
ఆర్కెస్ట్రా వ్యానులో
తన ఒళ్ళో పెట్టుకుని మోసేవాడట.
కాకినాడ రేవులో ఓడ దిగిందని కొందరు,
మద్రాసులో ఎవరో స్టూడియో ఎత్తేస్తే
తూకానికి కొన్నాడని కొందరు.
తొంభై ఆరు తుఫానుకి అటకెక్కి బతికింది.
ఆయన పోయాక
దాని మీద కొబ్బరిపీచు సంచులు బతికాయి, ఇరవయ్యేళ్ళు.

మేం నలుగురం.
అమలాపురంలో నల్లవంతెన దాటాక
రొయ్యల చెరువుల మోటార్లు చుట్టే ధర్మయ్య షెడ్డు,
ఆదివారం షట్టరు సగం దించి కూర్చుంటాం.
జకరయ్య ఆరాధన ముగించుకుని
తెల్లచొక్కాతోనే వచ్చేస్తాడు.
ఫిరోజా కాలేజీ ల్యాబు నుంచి
ఆసిలోస్కోపు చీర సంచిలో తెస్తుంది,
సోమవారం బెల్లు కొట్టకముందే
దాని చోట అది ఉంటుంది.
నేను లైన్‌మేన్‌ని.
మా నాలుగిళ్ళలోనూ మాకు ఒకటే పేరు,
పనిలేనోళ్ళు.

మూత విప్పితే
రాగి మీద ఉప్పుగాలి పచ్చగా పూసింది.
రెండు బల్లిగుడ్డు పెంకులు, ఒక వడ్లగింజ,
రావులపాలేనికి ఎవరో కొన్న బస్సు టిక్కెట్టు.
ఆరు వారాలు చిలుము గోకాం.
ఉబ్బిన కెపాసిటరుకి బదులు
మా మేనత్త రేడియోలోంచి ఒకటి పీకి పెట్టాం.
(ఆవిడకింకా తెలీదు.)

పలికింది గానీ శ్రుతి నిలవదు.
వేడెక్కితే పైకి, చల్లబడితే కిందికి.
చీకటి పడి చెరువుల్లో ఏరేటర్లన్నీ
ఒక్కసారి తిరిగితే
ఓల్టేజీ జారి, స్వరం దాని వెనకాలే జారుతుంది.
"పోటూ పాటూ ఉన్న వాయిద్యమండీ ఇది, ఆయ్"
అన్నాడు జకరయ్య.
కరెంటు మా సబ్‌స్టేషన్‌దే.
నేను టీ గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాను.

నాబులు ఎరుపు చుక్కలకి తిప్పితే
జలుబు చేసిన సన్నాయి.
మెరూనుకి ఉరుము,
నాటకంలో రాక్షసుడు దిగే వేళకి.
వెండికి, దూరంగా ఎక్కడో
ఐసు బండి గంట.
గులాబీకి ఏమీ లేదు.
స్పీకరు గుడ్డ మాత్రం
పడుకున్న పిల్లాడి పొట్టలా
లేచింది, దిగింది.

చుక్కలు చెరిగి జరిగాయన్నాడు ధర్మయ్య.
ఫిల్టరు చచ్చిందన్నాడు జకరయ్య.
ఫిరోజా తెర మీద చూపించింది:
చెవికందని లోతున ఒక గీత,
లంకలోకి వరద వచ్చినట్టు
తొందర లేకుండా ఎక్కుతోంది.
రెండు వారాలు దెబ్బలాడుకుని
విజయపాల్ గారి భార్యని పిలుచుకొచ్చాం.
గోళ్ళరంగు ఆవిడదే కదా.

సుగుణమణి గారు ఆటో దిగి
మోకాళ్ళు పట్టుకుని కాసేపు నిలబడి
ఒక్కో నాబూ తడిమారు.
"ఎరుపు నేనే పెట్టాను. మెరూను నేనే.
వెండిది మా ఆడపడుచు పెళ్ళికి కొన్నది.
గులాబీ...
నా జన్మలో నేను గులాబీ రంగు కొనలేదు బాబూ."

షెడ్డులో సోల్డరు పొగ ఒక్కటే కదులుతోంది.
ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు.
ఆవిడే కుర్చీ లాక్కుని
అట్టడుగు మెట్టు మీద వేలు పెట్టి
రెండో అరచెయ్యి స్పీకరు గుడ్డకి ఆనించారు.
లేచింది, దిగింది.
చాలాసేపు.
కోపమో, నవ్వో, ఆ పెదాల మీద
మాకు చదవడం రాలేదు.

"చల్లబడితే మళ్ళీ ఇదే చోటికి వస్తదా?"
రాదండీ, అన్నాను.
"అయితే కాసేపు కట్టెయ్యకండి."

ఎనిమిదీ యాభై అయింది.
తొమ్మిదింటి కోత ఇవాళ మా ఫీడరుది.
బయటికొచ్చి ఆపరేటరుకి ఫోను చేశాను:
ఈ పూటకి మాది వదిలెయ్,
పక్కది లాగు.

కాలవ అవతల
ఒక ఊరు మొత్తం గుప్పున ఆరిపోయింది.
ఏ ఊరో నాకు తెలుసు.
లోపలికొచ్చి షట్టరు ఇంకాస్త దించాను.